రాహేలు కట్టిన కట్టు

రాహేలుకు చీము అంటే అసహ్యం. ఇరవయ్యారేళ్లుగా పుండ్లు కడిగి కట్లు కట్టే మనిషికి ఆ అసహ్యం ఎప్పుడో చచ్చిపోయి ఉంటుందని చూసేవాళ్లు అనుకుంటారు. చావలేదు. పాత కట్టు విప్పగానే గుప్పుమనే ఆ తియ్యటి కుళ్లు వాసనకు ఇవాళ్టికీ ఆమెకు కడుపులో తిప్పుతుంది. పనిలో చేరిన తొలిరోజు బయటికి పరుగెత్తి మోరీ పక్కన వాంతి చేసుకుంది. ఆ తర్వాత పరుగెత్తడం మానేసింది, అంతే. పొద్దుటి కట్లన్నీ పూర్తయ్యేదాకా నోట్లో ఏమీ వేసుకోదు. బాగా మాగి పగిలిన సీతాఫలం కనిపిస్తే మొహం పక్కకు తిప్పుకుంటుంది.

నర్సింగ్‌హోమ్‌లో కొత్తగా చేరిన నర్సు అరుణ ఒకసారి అడిగింది, "నీకు అలవాటైపోయింది కదక్కా?" అని.

"మనిషి కుళ్లుడు ఎవలికి అలవాటైతది బిడ్డా? చెయ్యికి అలవాటైంది. ముక్కుకు ఇంక కాలే."

ఆమె పుట్టింది వర్ధన్నపేట దగ్గరి పల్లెలో. ఏడో తరగతిలో బడి మానేసి తల్లి వెంట పత్తి ఏరడానికి పోయింది. పెళ్లయ్యాక ఖిలా వరంగల్‌కు వచ్చింది. మట్టికోట కట్ట పక్కన రెండు గదుల ఇల్లు. భర్త ఇళ్లకు రంగులు వేసేవాడు. పరంజా మీద నుంచి పడి నడుము విరిగి ఏడాదిపాటు మంచంలోనే ఉన్నాడు. వీపంతా పుండ్లు పడ్డాయి. వాటిని ఆమే కడిగింది. అతను పోయాక, ఆమె చేతిపని చూసిన కాంపౌండరు ఒకాయన ఈ నర్సింగ్‌హోమ్‌లో పెట్టించాడు. చదువు లేదు, సర్టిఫికెట్ లేదు. కానీ ఆమె కట్టిన కట్టు జారదు, బిగుసుకుని రక్తం ఆపదు. ఏ పుండు ఎటు పోతుందో డాక్టరు కంటే ముందు ఆమె ముక్కే చెబుతుంది. కోట లోపలి వాడకట్టులో షుగరు కాళ్లున్న ముసలివాళ్లంతా ఆమెనే ఇంటికి పిలిపించుకుంటారు. ఇన్నేళ్లలో ఒక్క పుండు కూడా తన చేతిలో చెడిందని ఎవరూ అనలేదు. బతుకులో ఆమెకు గర్వపడేందుకు మిగిలిందల్లా ఇదొక్కటే. ఆ గర్వాన్ని ఎవరికీ చూపించదు కానీ, ఉందని తనకు తెలుసు.

ఆదివారం చర్చికి పోతుంది. నెలకోసారి బల్ల ఆరాధన, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన, ఉంటుంది. దానికి ముందురోజు శనివారం సాయంత్రం, స్త్రీల సమాజం వాళ్లు రొట్టెల అంచులు తీసేసి, చిన్న ముక్కలుగా కోసి, తెల్లగుడ్డ కప్పి పెడతారు. పదకొండేళ్లు ఆ ముక్కలు కోసింది రాహేలే. ముక్క ముక్కకు తేడా లేకుండా, పొడి రాలకుండా కోసేది. ఒకరోజు పాస్టరమ్మగారు వచ్చి, "నువ్వు అలసిపోతున్నవ్ రాహేలమ్మా, ఇంక రెస్ట్ తీసుకో" అని నవ్వి కత్తి తీసేసుకుంది. రెండు వారాల తర్వాత చర్చి ఊడ్చే ముసలమ్మ అసలు సంగతి చెప్పింది. కమిటీలో సెక్రెటరీ జయరాజు లేచి, "దినమంత చీము పిసికే చేతులు. ఆ చేతులతోని కోసిన రొట్టె ఎట్ల తినబుద్ధైతది?" అన్నాడట. అక్కడున్న తొమ్మిది మందిలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ తొమ్మిది మందిలో నలుగురి పుండ్లకు రాహేలు కట్లు కట్టి ఉంది.

ఆమె పోట్లాడలేదు. కానీ అప్పటి నుంచి జయరాజు లేచి ఆ బరువైన గొంతుతో ప్రార్థన మొదలుపెడితే ఆమెకు కడుపులో తిప్పేది, అచ్చం పాత కట్టు విప్పినప్పటిలాగే.

జయరాజు కరెంటు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. వయసు అరవై ఏడు. ఇరవై ఏళ్ల షుగరు. పద్నాలుగేళ్లుగా సంఘానికి సెక్రెటరీ. పాస్టర్లు వస్తారు, పోతారు. ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో పైవాళ్లకు ఉత్తరం రాసేది ఆయనే.

ఈసారి శ్రమదినాలకు, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలానికి, పాస్టరు శామ్యూల్ ఒక కార్యక్రమం పెట్టాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, చెవికి మైకు తగిలించుకుని అటూ ఇటూ నడుస్తూ చెబుతాడు. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు: నన్ను నేను కాదనుకునే నలభై రోజులు. కింద పాస్టరు ఫొటో, పక్కన కమిటీవాళ్ల ఫొటోలు. తనను తాను కాదనుకునేవాడి మొహం అంత పెద్దగా ఎందుకో రాహేలుకు అర్థం కాలేదు.

ఎవరేం వదిలేస్తున్నారో ఒక కార్డు మీద రాసి, పీఠం ముందున్న ఎర్రగుడ్డ చుట్టిన సిలువకు స్టేప్లర్‌తో కొట్టాలి. జనం వరుస కట్టారు. ఒకామె టీవీ సీరియళ్లు వదిలేసింది. ఒకాయన ఆదివారం తప్ప మిగతా రోజుల్లో మటన్ వదిలేశాడు. ఇంకొకతను వాట్సాప్ స్టేటస్‌లు వదిలేస్తున్నానని రాసి, ఆ కార్డును ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. పిల్లలు లెక్కల హోంవర్కు వదిలేస్తామంటే పెద్దవాళ్లు నవ్వి తలమీద మొట్టారు. పెద్దల కార్డులు చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు.

జయరాజు కార్డును పాస్టరు మైకులో చదివాడు. నలభై రోజులూ చెప్పుల్లేకుండా నడుస్తానని దేవునికి మాట ఇచ్చాడు సెక్రెటరీగారు. జనం హల్లెలూయ అన్నారు. ఆయనకు షుగరుందని అందరికీ తెలుసు. పాదాలకు స్పర్శ లేదనీ తెలుసు, ఆయనే రెండేళ్లుగా చెప్పుకుంటున్నాడు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర రాహేలు ఆగి, "సార్, షుగరున్నోళ్లు చెప్పులు ఇడువద్దు. ఇంకేదన్న ఇడువుండ్రి" అంది.

"నీకు విశ్వాసం తక్కువ రాహేలూ. దవాఖానల ఉండి ఉండి నీకు అన్నీ రోగాలే కనవడ్తయి" అన్నాడు జయరాజు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆమె కార్డు రాయలేదు.

మట్టలు పట్టుకుని ఊరేగే మట్టల ఆదివారానికి, అంటే ఈస్టర్‌కు ముందటి ఆదివారానికి, ఆరు రోజుల ముందు, సోమవారం, జయరాజు కోడలు షారోన్ నర్సింగ్‌హోమ్‌కు వచ్చి డ్రెస్సింగ్ గది బయట నిలబడింది. కళ్లకింద నల్లగా ఉంది.

"ఆంటీ, జర మా ఇంటికి వస్తరా? మామయ్య కాలు బాగలేదు. ఆయన గదిలకు పోతే ఉండబుద్ధైతలేదు. దవాఖాన అంటే మీదికి లేస్తాండు. మీ పేరు చెప్తే మాత్రం, సరే పిలువు, ఎవలకు తెల్వొద్దు అన్నడు."

గది తలుపు తీయగానే వాసన చెప్పింది రాహేలుకు. మామూలు చీము కాదు. జయరాజు కుర్చీలో కూర్చుని కుడికాలు స్టూలు మీద పెట్టుకున్నాడు. అత్తరు చల్లిన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"షారోన్ అన్నీ పెద్దగ చేసి చెప్తది. చిన్న పొక్కు. మంచిగ కట్టు కట్టి పో."

పాత బనియన్ గుడ్డతో చుట్టి ఉంది. గుడ్డంతా నూనె. అది పుండుకు అతుక్కుపోయి, సెలైన్ పోసి పోసి నానబెడితే గానీ ఊడలేదు. చిటికెన వేలు నల్లబడింది. దాని పక్క వేలు సగం నల్లబడింది. కింద అరికాలిలో రూపాయి బిళ్లంత గుంట.

"నూనె ఎవలు పోసిన్రు?"

"పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసిచ్చిన కొబ్బరినూనె. రోజుకు మూడు పూటలు" అన్నాడు జయరాజు.

గుంటలో ఏదో కదిలింది. రాహేలు కళ్లు మూసుకుని తెరిచింది. సంచిలోంచి టర్పెంటైన్ తీసి దూది ముంచి పెట్టింది. నిమిషం తర్వాత తెల్లటి పురుగులు ఒక్కొక్కటే తలలు బయట పెట్టాయి. ఫోర్సెప్స్‌తో పట్టి గిన్నెలో వేసింది. షారోన్ గోడకు తిరిగి నిలబడింది. జయరాజు రుమాలును ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"మీ కాలే కద సార్. మీరే ముక్కు మూస్కుంటే నేనేం చెయ్యాలె?"

"నీకు అలవాటే కద."

పురుగుల తర్వాత ఫోర్సెప్స్‌కు గట్టిగా ఏదో తగిలింది. లాగితే వచ్చింది, తుప్పు పట్టిన స్టేప్లర్ పిన్ను. సిలువకు కార్డులు కొట్టినప్పుడు చాపల మీద రాలినవాటిలో ఒకటి. వారాల తరబడి ఆయన దాన్ని మోస్తూ తిరిగాడు.

"సూసినవా, అంత లోపలికి పెట్టి తీసినా నాకు నొప్పి లేదు. దేవుడు నొప్పి తీసేసిండు" అన్నాడు జయరాజు.

"దేవుడు తియ్యలే సార్, షుగరు తీసింది. కాలుకు సోయి లేదు. ఇయ్యాలనే దవాఖానల జాయిన్ గావాలె. రెండు వేళ్లు పోతయి. లేట్ చేస్తే పాదం పోతది. ఇంకా లేట్ చేస్తే మీరే పోతరు."

"గురువారం దాటినంక సూద్దాం."

గురువారం అంటే మట్టల ఆదివారం తర్వాత వచ్చే పరిశుద్ధ గురువారం. యేసు శిష్యుల పాదాలు కడిగినందుకు గుర్తుగా ఆ సాయంత్రం పాస్టరు పన్నెండు మంది పాదాలు కడుగుతాడు. పీఠం ముందు పన్నెండు కుర్చీలు వేస్తారు. ఎవరు కూర్చోవాలో కమిటీ ఎంచుతుంది. ఎంపికైనవాళ్లు ఇంట్లోనే సబ్బు పెట్టి రుద్దుకుని, గోళ్లు తీయించుకుని, కొందరైతే మడమలు నున్నగా అరగదీయించుకుని వస్తారు. పాస్టరు ఇత్తడి పళ్లెంలోంచి రెండు వేళ్లతో నీళ్లు చిలకరించి, తెల్ల టవలుతో అద్దుతాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న పాదాలను కడిగే ఈ పనిని రాహేలు ఏటా వెనక వరుసలోంచి చూస్తుంది. మొదటి కుర్చీ జయరాజుది. ఈసారి నలభై రోజులు చెప్పుల్లేకుండా నడిచిన పాదం. లైవ్ ఇవ్వడానికి కెమెరా కూడా మాట్లాడారు.

"గురువారం దాక వాసన బయటికి రాకుంట కట్టు. అంతే నీ పని. మిగతాది నేను దేవునికి అప్పజెప్పిన" అన్నాడు.

రాహేలు కట్టు కట్టి ఇంటికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం బావి దగ్గర చేతులు మూడుసార్లు కడుక్కుంది. తర్వాత గడప మీద కూర్చుని, ఆమెకు తెలిసిన తీరులో ప్రార్థన చేసింది. ఆమె ప్రార్థనలో పెద్ద మాటలుండవు.

"ప్రభువా, ఆ మనిషిని సూస్తే కక్కొస్తాంది. ఆ కాలును సూసినా కక్కొస్తాంది. నేను పోను. నువ్వు ఇంకెవలినన్న సూస్కో."

మనసు తేలికపడలేదు. పక్కింటివాళ్ల కోడి వచ్చి కాళ్ల దగ్గర గింజలు వెతికింది. మరునాడు పొద్దున ఆమె సంచి తీసుకుని జయరాజు ఇంటికి నడిచింది. ప్రేమ పుట్టి కాదు. ఆ కట్టును ఆరోజు మార్చకపోతే కాలు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. అంతకంటే కారణం లేదు.

మంగళవారం, బుధవారం, గురువారం. పోయిన ప్రతిసారీ దవాఖానకు పోదామని చెప్పింది. ప్రతిసారీ ఆయన కాదన్నాడు. వేలి నలుపు పాదం మీదికి గీతలు గీతలుగా ఎక్కుతోంది. జ్వరం మొదలైంది. గురువారం పొద్దున కట్టు కట్టాక ఆమె నేరుగా పాస్టరు ఇంటికి పోయింది.

శామ్యూల్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. "వందనాలు సిస్టర్. సెక్రెటరీగారికి మీరు చేస్తున్న సేవ గురించి షారోన్ చెప్పింది. అదే నిజమైన సమర్పణ."

"అయ్యగారూ, ఆ కాలు పోతాంది. మనిషే పోవచ్చు. మీరు ఒక్క మాట చెప్తే ఇంటడు. చెప్పులేస్కొని దవాఖానకు పొమ్మను అనుండ్రి."

పాస్టరు లాప్‌టాప్ మూత సగం దించాడు. "దేవునికి ఇచ్చిన మాట తప్పమని నా నోటితో నేనెలా చెప్పేది? మొత్తం సంఘం ముందు చదివాను కదా."

"మీ నోటితోని చదివిన్రు గాబట్టే మీ నోటితోని చెప్పుండ్రి అంటాన."

"ఇంకో వారం ఓపిక పట్టండి. వచ్చే గురువారం వాక్యంలో మీ పేరు కూడా తీసుకుంటాను, కాదనుకోవడానికి ఉదాహరణగా."

"నా పేరు ఎత్తకుండ్రి" అని లేచింది రాహేలు. బల్లమీద, రేపటి కోసమో ఏమో, కొబ్బరినూనె సీసాలు వరుసగా పెట్టి ఉన్నాయి. జూన్‌లో బదిలీల జాబితా వస్తుంది. సెక్రెటరీ ఉత్తరం లేకుండా పాస్టరు ఇక్కడ ఉండలేడు. ఆ సంగతి చర్చి ఊడ్చే ముసలమ్మకు కూడా తెలుసు. రోడ్డు మీదికి వచ్చాక రాహేలు ఉమ్మింది. ఆమెకు ఉమ్మే అలవాటు లేదు.

శుక్రవారం జరిగినదాన్ని ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు.

ఆరోజు ఆమె వెళ్లేసరికి జయరాజు గుమ్మం వైపే చూస్తున్నాడు. జ్వరంతో కళ్లు గాజుగోళీల్లా ఉన్నాయి. "వచ్చినవా రాహేలూ, ఇంత లేటు చేస్తివేంది? పొద్దటి సంది సూస్తాన" అన్నాడు. పద్నాలుగేళ్లలో ఆయన గొంతులో ఆ బతిమాలుడు ఆమె వినలేదు. కట్టు విప్పుతూ ఉండగా ఆమె చేతులు నెమ్మదించాయి. రొట్టె కోయడానికి పనికిరావన్న చేతులు. ఇప్పుడు వాటి కోసం గుమ్మం చూస్తూ కూర్చున్నాడు. నలుపు నిన్నటికంటే అంగుళం పైకి వచ్చింది. అది చూడగానే ఆమె లోపల ఎక్కడో చల్లగా, తియ్యగా అనిపించింది.

ఆ తీపి ఏమిటో ఆమె వెంటనే గుర్తుపట్టింది. అయిదు రోజులుగా తను మెత్తగా చెప్పి ఊరుకుంటోంది. గట్టిగా అరవలేదు. నర్సింగ్‌హోమ్ డాక్టర్ శ్రీకాంత్‌కు చెప్పలేదు. షారోన్‌తో కలిసి ఆయన్ను ఆటోలో వేయలేదు. గుట్టు కాపాడుతున్నానని, సేవ చేస్తున్నానని తనకు తనే చెప్పుకుంది. నిజానికి ఆ కాలు కుళ్లడం చూడ్డానికి రోజూ వస్తోంది. పాస్టరు దాన్ని సమర్పణ అన్నాడు.

అప్పుడు వచ్చింది అసలు వాంతి. పెరట్లోకి పోయి, పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న కడుపులోంచి పసరు కక్కింది. చీము వాసనకు కాదు. ముప్పై ఏళ్లుగా వాక్యం వింటున్న మనిషి లోపల ఇంత కుళ్లు, ఏ కట్టూ లేకుండా, ఏ ముక్కుకూ తెలియకుండా ఉందని. వాసనను ఓర్చుకుంటున్నాను కాబట్టి నన్ను నేను కాదనుకుంటున్నానని ఇన్నేళ్లూ అనుకుంది. కాదనుకోవలసింది ముక్కును కాదు.

శనివారం పొద్దున ఆమె సంచి తేలేదు. ఆటో తెచ్చింది. డాక్టర్ శ్రీకాంత్‌కు ముందే అన్నీ చెప్పి, థియేటరు సిద్ధం చేయించి వచ్చింది. రాత్రంతా జయరాజుకు చలిజ్వరం కొట్టిందని షారోన్ ఏడుస్తూ తలుపు తీసింది.

"సార్, లేవుండ్రి. ఆటో వచ్చింది."

"ఏం ఆటో? రేపు మట్టల ఆదివారం. నేను ముందట నడవాలె."

"రేపు మీరు నడిచేది లేదు. మీ వెనుక జనం మట్టలు పట్టుకొని నడుస్తరు, బొందలగడ్డకు."

షారోన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జయరాజు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆయనకు భయం పట్టుకుందని రాహేలు చూసింది. చచ్చిపోతానని ఆయనకూ అర్థమైంది. దవాఖానకు పోవాలనే ఉంది. ఎలా పోవాలో తెలియడం లేదు.

"సంఘానికి ఏం చెప్పాలె? నలభై రోజులు నడుస్తనని మధ్యల చెప్పులేస్కున్ననని చెప్పాల్నా? విశ్వాసం లేక దవాఖానకు ఉరికిండని నవ్వరా?"

"నవ్వితే నవ్వనీయుండ్రి."

"నువ్వు అంటవ్. నీకేమున్నది పోయేది?" ఆగాడు. కళ్లు చిన్నవి చేసుకుని ఆమె చేతుల వైపు చూశాడు. కమిటీలో తీర్మానాలు రాసేటప్పటి చూపు అది. "ఒక పని చెయ్యి. నీ కట్టుతోనే కాలు చెడిందని చెప్త. చిన్న పొక్కుండె, రాహేలు ఏదో మందు పోస్తే పాడైంది, గత్యంతరం లేక దవాఖానకు తీస్కపోయిన్రు అని. నా మాట తప్పినట్టు గాదు. నువ్వు కాదనొద్దు. కాదననంటె ఇప్పుడే లేస్త."

"మామయ్యా!" అని అరిచింది షారోన్.

రాహేలు కదల్లేదు. వీధిలో ఆటో ఇంజను కొట్టుకుంటోంది. ఈ మనిషి చావుబతుకుల్లో ఉండి కూడా ఇంత తీరుగ్గా ఆలోచించగలిగాడు. జ్వరం కాలును తింటోంది కానీ ఆ బుర్రను ముట్టుకోలేదు. కాదంటే ఈయన ఈ కుర్చీలోనే చస్తాడు, అంత మొండివాడు. అవునంటే ఆమె బతుకులో ఉన్న ఒకే ఒక్క మంచి మాట పోతుంది. కోట లోపలి వాడకట్టంతా రాహేలు చేతిలో కాలు పోయిందనుకుంటుంది. ఎవరూ ఇంటికి పిలవరు.

ఆయన చావనీ అని లోపల ఏదో అంది. అది నిన్నటి తీపి గొంతే.

ప్రభువా, ఇది నీకిస్తాన, ఈయనకు గాదు. ఈయనకైతే నేను నా గోరు కూడ ఇయ్య. అంతవరకే అనుకుంది. ఏ వెలుగూ కనపడలేదు. కోపం ఇసుమంత తగ్గలేదు.

"చెప్పుకో. ఏమన్న చెప్పుకో. లే" అంది. ఆయన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. తనే చంకలో చెయ్యి వేసి లేపింది. ఆయన బరువంతా, వాసనంతా ఆమె భుజం మీద పడింది.

డాక్టర్ శ్రీకాంత్ రెండు వేళ్లు తీసేశాడు, అరికాలు సగం కోసి శుభ్రం చేశాడు. పాదం మిగిలింది. ఇంకో రెండు రోజులు ఆగితే మోకాలి కింద కోయాల్సి వచ్చేదన్నాడు. థియేటరు బయట షారోన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను అందరికి చెప్త ఆంటీ. ఇంత అన్యాయం ఎట్ల?"

"ఇప్పుడు చెప్పకు బిడ్డా. ఇంటే మంచంల నుంచి లేచి పోతడు, అసొంటోడే. పుండు మానేదాక నోరు మూస్కో. తర్వాత నీ ఇష్టం."

పుండు మానడానికి నెలలు పడుతుంది. ఈలోగా నోరు మూసుకోవడం షారోన్‌కు అలవాటైంది. అత్తింట్లో ఉండాల్సిన పిల్ల. రాహేలు తప్పు పట్టలేదు గానీ, ఆమెను కాసేపైనా నమ్మినందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

మట్టల ఆదివారం నాటికే మాట పాకింది. ఊరేగింపులో రాహేలు పక్కన నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు కొంచెం వెనకబడి, ఇంకొంచెం వెనకబడి, తర్వాత అవతలి వరుసలోకి పోయారు. మూడు ఇళ్లవాళ్లు కట్లకు రావొద్దని ఫోన్లో చెప్పారు. ఒకాయన మాత్రం మొహం మీదే అడిగాడు: "సదువుకోనోళ్లు గసొంటి పనులు పెట్టుకోవద్దు గదా చెల్లె?" ఆయన మడమ పుండు మూడేళ్ల కింద మాన్పింది ఈమే.

పరిశుద్ధ గురువారం మొదటి కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. పాస్టరు శామ్యూల్ జయరాజు కోసం కన్నీళ్లతో ప్రార్థించాడు. మాట నిలబెట్టుకోవాలని చివరిదాకా పోరాడిన విశ్వాసి అన్నాడు. ఒక సహోదరి తెలియనితనం వల్ల ఆయన శ్రమపడుతున్నాడు, ఆమెను మనం క్షమించాలి అన్నాడు. పేరు ఎత్తలేదు. ఎత్తవద్దని ఆమే అడిగింది కదా. నిజం తెలిసిన నోరు, మైకులో, అంత మృదువుగా ఆ మాట అంది. తలలు వెనక్కి తిరిగాయి. తర్వాత ఆయన మోకరించి, రెండు వేళ్లతో నీళ్లు చిలకరిస్తూ పన్నెండు శుభ్రమైన పాదాల ముందు జరుగుతూ పోయాడు. కెమెరా ఆయన వెంట జరిగింది.

రాహేలు లేచి పోదామనుకుంది. లేచి గట్టిగా చెబుదామని కూడా అనుకుంది. స్టేప్లర్ పిన్ను ఇంకా ఆమె ఇంట్లో చిన్న డబ్బాలో ఉంది. చాప అంచును పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. నిజం చెబితే రేపు జయరాజు కట్టు మార్చడానికి కాలు చాపడు. ఆ పాదం ఇంకా పచ్చిగా ఉంది. ఆమె అక్కడ కూర్చుంది దానికోసమే. ఆ చర్చిలో ఆ సాయంత్రం ఆమెకు దేవుని మీద తప్ప అందరి మీదా అసహ్యం వేసింది. దేవుని మీద కూడా కొంచెం వేసింది.

ఈస్టర్ తర్వాతి మంగళవారం జయరాజు చక్రాల కుర్చీలో డ్రెస్సింగ్‌కు వచ్చాడు. డాక్టరు ఆయన్ను రాహేలు బల్లకే పంపాడు. అంతకుముందు ఆమెను పక్కకు పిలిచి, "నేను వాళ్ల చర్చికి ఉత్తరం రాస్తానమ్మా. నువ్వెందుకు పడాలి ఈ మాట?" అన్నాడు.

"పుండు పూడినంక రాయుండ్రి సార్. వద్దనను" అంది. ఆమె ఏమీ దేవత కాదు. మంచి పేరు తిరిగి వస్తే ఆమెకు కావాలి.

కట్టు విప్పింది. వాసన వచ్చింది. లోపల కండ ఎర్రగా, తడిగా పుట్టుకొస్తోంది. మంచి రంగు. గదిలో ఇంకెవరూ లేరు. జయరాజు ఇవాళ రుమాలు తేలేదు. పైకప్పు వైపు చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"రాహేలూ, నేను అట్ల అనకపోతే... సంఘం సంగతి నీకు తెలుసు. నువ్వు మనసుల పెట్టుకోలేదు గద?"

"పెట్టుకున్న."

ఆయన తల తిప్పి చూశాడు.

"మీరు మాట్లాడితే నాకు ఇప్పటికీ కక్కొస్తది. ఎప్పుడు పోతదో తెల్వదు, పోతదో పోదో కూడ తెల్వదు. దేవుణ్ని అడుగుతాన. కాలు కదిలియ్యకుండ్రి, పుండు కడగాలె."

ఆయన కాలు కదపలేదు. ఆమె గుంటను సెలైన్‌తో మూడుసార్లు కడిగి, కొత్త గాజుగుడ్డ మెత్తగా నింపి, పాదం చుట్టూ పట్టీ తిప్పింది. బిగువు చూసుకుని, ఒక చుట్టు విప్పి మళ్లీ వదులుగా చుట్టి ముడి వేసింది. చక్రాల కుర్చీని తలుపు దాకా తోసింది.

"ఎల్లుండి రాండ్రి. వచ్చేటప్పుడు ఎడమకాలుకు చెప్పు ఏస్కొని రాండ్రి" అని చెప్పి, బయట బెంచీ మీద కూర్చున్న తర్వాతి మనిషిని పిలిచింది.